గొడవైతేనే గుర్తొస్తానా?

ప్రశ్న: ఆరేళ్లుగా మానసిక వైద్య వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. పేషెంటు గట్టిగా అరిస్తే చాలు, ‘బ్రదర్, మీరు రండి’ అని నన్నే పిలుస్తారు. ఎవరి పక్కనైనా కూర్చుని మాట్లాడుతుంటే ‘అది సిస్టర్లు చూసుకుంటారులే’ అంటారు. మా నాన్నకు ఇది ఆడవాళ్ల ఉద్యోగం. మొన్న ఒక కుర్రాణ్ని పట్టుకోవాల్సి వస్తే నా చేతులు వణికాయి. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లోనూ మాట్లాడబుద్ధి కావడం లేదు.

జవాబు: చేతులు వణికినందుకు సిగ్గుపడకండి. ఆ కుర్రాడికి ఏమైనా అవుతుందేమోనని మీరు భయపడి ఉంటారు. భయపడాల్సిన విషయమే అది. మనిషిని బోర్లా పడేసి నొక్కినప్పుడు ఊపిరాడక ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. అందుకే పట్టుకోవడం అన్నిటికన్నా ఆఖరి మార్గం. అదీ శిక్షణ ఉన్న నలుగురు కలిసి చేయాల్సింది, మగవాడన్న కారణంతో మీ ఒక్కరి మీద వేయాల్సింది కాదు.

చేతులు కనిపించేలా ఉంచడం, తలుపుకు అడ్డం నిలబడకపోవడం, రెండు చేతుల దూరంలో కాస్త పక్కకు తిరిగి నిలబడి గొంతు తగ్గించి మాట్లాడటం ఈ ఆరేళ్లలో మీకు అలవాటై ఉంటుంది. మీ అసలు పనితనం అక్కడుంది. ఇన్‌ఛార్జితో తీరిగ్గా ఉన్నప్పుడు చెప్పండి: ‘పట్టుకోవడానికి కాదు, గొడవ ముదరక ముందే మాట్లాడటానికి పిలవండి.’ సిస్టర్లలోనూ గొడవను చల్లార్చగలిగినవాళ్లుంటారు. వాళ్లను వెనక్కి నెట్టడం వాళ్లకూ అన్యాయమే. ఎవరినైనా పట్టుకోవాల్సి వచ్చిన రోజున డ్యూటీ దిగేలోపు అందరూ ఒక పది నిమిషాలు కూర్చుని మాట్లాడుకోవాలని కూడా అడగండి.

నాన్నగారికి ఒక సంగతి చెప్పొచ్చు. పారిస్ శివార్లలోని బిసెత్ర ఆసుపత్రిలో 1797లో మానసిక రోగుల గొలుసులు తీయించింది ప్యుసాన్ అనే ఆయన. డాక్టరు కాదు, రోగుల బాగోగులు చూసే ఉద్యోగి. వాళ్లను కొట్టకూడదని సిబ్బందికి గట్టిగా చెప్పింది కూడా ఆయనే. పేరు మాత్రం చాలాకాలం అక్కడ పనిచేసిన డాక్టర్ పినెల్‌కే దక్కింది. నాన్నగారు ఒక్క రోజులో మారిపోరు, మారేదాకా మీరు ఆగనక్కర్లేదు.

ఇక ఇల్లు. పేషెంట్ల వివరాలు బయటపెట్టకూడదు, నిజమే. ‘ఇవాళ డ్యూటీలో భయమేసింది’ అనడానికి ఏ వివరమూ అక్కర్లేదు. ఆ ఒక్క ముక్క చెప్పండి. ఆ దృశ్యం వారాల తరబడి కళ్లముందు తిరుగుతున్నా, నిద్ర పట్టకపోయినా కౌన్సెలర్‌ను కలవండి. పేషెంట్లకు మీరు రోజూ చెప్పే మాటే ఇది.