"సంకెళ్ళు వర్ధిల్లాలి" అని స్పెయిన్ జనం నిజంగానే అరిచారా?

మీ ప్రశ్న ఇది: "నెపోలియన్‌ని తరిమేశాక స్పెయిన్ జనం కొత్త రాజ్యాంగాన్ని వదిలేసి మళ్ళీ రాజునే ఎందుకు నెత్తిన పెట్టుకున్నారు? లిబరల్స్‌కీ రాజపక్షానికీ అసలు గొడవేంటి?"

నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. ఉద్యోగం మీద స్పెయిన్ దక్షిణ తీరంలోని మాలగాలో మూడేళ్ళున్నాను, అంతే. సాయంత్రాలు కాఫీకి ప్లాసా దె లా మెర్సెద్ అనే చౌకుకి వెళ్ళేవాణ్ణి. పికాసో పుట్టిన ఇల్లు అక్కడే ఉంది కాబట్టి టూరిస్టులందరి చూపూ అటే. చౌకు మధ్యలో మాత్రం ఎత్తైన రాతి స్తంభం ఒకటుంటుంది, చుట్టూ పావురాలు. ఏడాది పాటు దాన్ని ఏదో యుద్ధస్మారకం అనుకున్నాను. ఒక డిసెంబరు 11న అటు వెళ్తే స్తంభం దగ్గర పూలదండలు, జెండాలు, కోట్లు వేసుకున్న ముసలివాళ్ళు కనిపించారు. ఏంటని అడిగితే, దాని కింద తోరిహోస్ అనే సేనాధిపతి, ఆయన మనుషులు ఉన్నారన్నారు. రాజ్యాంగం కావాలన్నందుకు 1831లో రాజు వాళ్ళని ఈ ఊరి సముద్రపు ఒడ్డునే కాల్పించాడట. నాకు ఈ కథ మీద పిచ్చి పట్టింది ఆ రోజే.

ముందు పైన పెట్టిన "సంకెళ్ళు వర్ధిల్లాలి" అనే నినాదం సంగతి. స్పానిష్‌లో సంకెళ్ళని "కాదేనాస్" అంటారు, క్లాసులో నాకు నేర్పిందీ అదే. చరిత్రలో నిలిచిన నినాదం మాత్రం "వివాన్ లాస్ కాఏనాస్". మధ్యలో ద ఎగిరిపోయింది. మాలగాలో కూరగాయలమ్మే ఆవిడా, బస్సు డ్రైవరూ ఇప్పటికీ అలాగే ద మింగేసి మాట్లాడతారు. అంటే ఆ అరుపు జమీందార్ల నోటి నుంచి వచ్చింది కాదు, వీధి జనం నోటి నుంచి వచ్చింది. కనీసం రాసిపెట్టినవాళ్ళు అలా వినిపించాలనుకున్నారు. 1814లో రాజు తిరిగొస్తుంటే బండికి కట్టిన గుర్రాలు విప్పేసి జనమే లాగారని కూడా చెబుతారు.

రాజు ఏడో ఫెర్నాండో. 1808లో నెపోలియన్ అతన్ని ఫ్రాన్స్‌లోని వాలెన్సే కోటలో కూర్చోబెట్టి, తన అన్న జోసెఫ్‌ని స్పెయిన్ గద్దె మీద పెట్టాడు. జనం ఆరేళ్ళు ఫ్రెంచివాళ్ళతో పోరాడారు. రాజు లేని ఆ సందులో, శత్రువు ముట్టడించిన కాదిజ్ రేవులో ప్రతినిధుల సభ కూర్చుని 1812 మార్చి 19న రాజ్యాంగం ప్రకటించింది. 384 అధికరణాలు. సార్వభౌమాధికారం రాజుది కాదు, జాతిది అని అందులో రాసుకున్నారు. మరుసటి ఏడాది ఇంక్విజిషన్‌ని, అంటే మతం తప్పారని జనాన్ని విచారించి శిక్షించే కోర్టుని, రద్దు చేశారు. "లిబరల్" అనే మాట ఒక రాజకీయ పక్షానికి పేరుగా స్థిరపడింది ఈ ఊళ్ళోనే. ఎదుటివాళ్ళని వీళ్ళు "సెర్విల్" అన్నారు, అంటే బానిసబుద్ధి గలవాళ్ళని. దాన్నే విడగొట్టి "సెర్ విల్" అని రాస్తే "నీచుడిగా ఉండటం" అని అర్థం వస్తుంది. వెక్కిరింతల్లో లిబరల్స్ దిట్టలే. ఊళ్ళని తమవైపు తిప్పుకోవడం మాత్రం వాళ్ళకి చేతకాలేదు.

నాకు అసలు విషయం అర్థమైంది ఆఫీసు క్యాంటీన్‌లో. ఉత్తరాన నవార్రా ప్రాంతం నుంచి వచ్చిన సహోద్యోగి ఒకతను ఉండేవాడు. నేను ఉత్సాహంగా తోరిహోస్ గురించి చెబుతుంటే చెంచా కింద పెట్టి, "మా ఇంట్లో గోడకి ఇప్పటికీ ముత్తాత ఎర్ర టోపీ వేలాడుతుంది, తెలుసా?" అన్నాడు. ఎర్ర టోపీ అంటే కార్లిస్టు, పచ్చి రాజపక్షం. "మావాళ్ళు రాజు కాళ్ళు మొక్కేవాళ్ళనుకోకు. మా ప్రాంతానికి పాత హక్కులుండేవి, ఫుయేరోస్ అంటారు. పన్నులు, సైన్యానికి మనుషుల్ని పంపడం మా లెక్క ప్రకారం జరిగేవి. మీ లిబరల్స్ వచ్చి దేశమంతా ఒకే చట్టం అన్నారు. మా ఊళ్ళో అది స్వేచ్ఛలా కనబడలేదు, ఎవడో మాడ్రిడ్ గుమాస్తా వచ్చి పొలం కొలుస్తున్నట్టు కనబడింది."

"మీ లిబరల్స్" అనడం కొంచెం గుచ్చుకుంది గానీ, తర్వాత చదివితే అతను చెప్పింది చాలావరకు నిజమే. 1811లోనే భూస్వాముల న్యాయాధికారాలు తీసేశారు, మంచిదే. కానీ భూములు చాలా చోట్ల వాళ్ళకే సొంత ఆస్తిగా మిగిలిపోయాయి. తర్వాత మఠాల భూములు అమ్మితే కొన్నది డబ్బున్నవాళ్ళు. రైతు చర్చికి ఇచ్చే దశమభాగాన్ని 1821లో సగానికి తగ్గించారు, దానికి బదులు పన్ను నగదుగా కట్టమన్నారు. ధాన్యం ధర పడిపోయిన రోజుల్లో నగదు ఎక్కణ్ణుంచి తెస్తాడు? మన రైతుకి వేరే చెప్పక్కర్లేదు ఆ బాధ. పైగా ఊళ్ళో అతనికి తెలిసిన చదువుకున్న మనిషి పాదిరి ఒక్కడే, ఆ పాదిరికి లిబరల్స్ అంటే మంట.

ఇదంతా చెప్పాక కూడా నేను ఫెర్నాండోని వెనకేసుకురాను. అతను ఎవరి పక్షమూ కాదు, తన పక్షం. తిరిగొస్తూ వాలెన్సియాలో ఆగినప్పుడు 69 మంది ప్రతినిధులు ఒక అర్జీ ఇచ్చారు. ప్రాచీన పర్షియన్లు రాజు చనిపోతే ఐదు రోజులు అరాచకం నడవనిచ్చేవారట, కొత్త రాజు విలువ జనానికి తెలియాలని. అర్జీ ఆ మాటతో మొదలవుతుంది కాబట్టి వాళ్ళకి "పర్షియన్లు" అని పేరు పడింది. ఆ ఊతంతో 1814 మే 4న రాజు రాజ్యాంగాన్ని రద్దు చేశాడు. ఆ పనులు ఎన్నడూ జరగనట్టే, "కాలం మధ్యలోంచి తీసేసినట్టే" చూడాలని ఆ ఉత్తర్వులో ఉంది. వారం తిరక్కుండా మాడ్రిడ్‌లో రాత్రికి రాత్రి లిబరల్ నాయకుల్ని పట్టుకున్నారు. అతని పేరు చెప్పుకుని, అతని కోసం ఫ్రెంచివాళ్ళతో పోరాడినవాళ్ళు వాళ్ళు.

ఆరేళ్ళకి, 1820 జనవరి 1న, అమెరికా వలసల్లో తిరుగుబాట్లు అణచడానికి ఓడ ఎక్కాల్సిన సైన్యంలో రియేగో అనే అధికారి 1812 రాజ్యాంగాన్ని ప్రకటించాడు. అతని దండు ఆందలూసియా అంతా తిరిగి తిరిగి చివరికి యాభై మందికి పడిపోయింది. అయినా ఈలోగా మిగతా ఊళ్ళు లేచాయి, రాజు మార్చిలో దిగొచ్చి ప్రమాణం చేశాడు. "రాజ్యాంగ మార్గంలో చిత్తశుద్ధితో నడుద్దాం, అందరికంటే ముందు నేను" అన్నాడు. ఈ ఒక్క వాక్యానికి స్పెయిన్‌లో ఇప్పటికీ నవ్వుతారు.

మూడేళ్ళు నడిచింది లిబరల్ పాలన. అందులో వాళ్ళకీ వాళ్ళకీ మధ్య మితవాదులు, అతివాదులని కీచులాటలు వేరే. 1823 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ రాజు దాదాపు లక్షమంది సైన్యాన్ని పంపాడు, ఫెర్నాండోని "విడిపించడానికి". ఇక్కడే చూడండి విచిత్రం. పదిహేనేళ్ళ కిందట అదే ఫ్రెంచి సైన్యాన్ని అడుగడుగునా చంపిన పల్లెలు ఈసారి దారిచ్చాయి. లిబరల్స్ రాజుని వెంటబెట్టుకెళ్ళిన కాదిజ్ దాకా దాదాపు అడ్డే లేదు. అందరికీ క్షమాభిక్ష అని సెప్టెంబరు 30న మాటిచ్చిన రాజు, అక్టోబరు 1న ఫ్రెంచివాళ్ళ దగ్గరికి చేరగానే మూడేళ్ళ చట్టాలన్నీ కొట్టేశాడు. నవంబరు 7న మాడ్రిడ్‌లో రియేగోని గాడిద ఈడ్చే గంపలో ఉరికంబం దాకా తీసుకెళ్ళారు.

(చిన్న పిట్టకథ. ఇదే స్పానిష్ రాజ్యాంగాన్ని 1820లో నేపుల్స్ వాళ్ళు కూడా తెచ్చుకున్నారు, ఆస్ట్రియా సైన్యం వచ్చి తుడిచేసింది. ఆ వార్త కలకత్తా చేరినప్పుడు రామమోహన్ రాయ్ మనసు పాడై, ఆ సాయంత్రం కలుస్తానన్న పత్రికా సంపాదకుడు బకింగ్‌హామ్‌కి రాలేనని ఉత్తరం రాశారు. 1821లో.)

ఇక తోరిహోస్. జిబ్రాల్టర్‌లో ప్రవాసంలో ఉన్నవాణ్ణి మాలగా గవర్నరు గొన్సాలెస్ మొరేనో మారుపేరుతో ఉత్తరాలు రాసి, "రండి, ఇక్కడ సైన్యం మీ వెంటే ఉంది" అని రప్పించాడు. దిగిన కొద్ది రోజులకే పట్టుకున్నారు. విచారణ లేదు. తోరిహోస్, ఆయనతో 48 మంది. వాళ్ళలో రాబర్ట్ బాయిడ్ అనే ఐరిష్ యువకుడున్నాడు, ప్రొటెస్టెంటు కాబట్టి వేరేగా ఇంగ్లిష్ శ్మశానంలో పెట్టారు. ఒక ఆదివారం ఆ సమాధి వెతుక్కుంటూ వెళ్ళాను. చెట్ల నీడ, కింద సముద్రం, ఎదురుగా రోడ్డు మీద ట్రాఫిక్ మోత. ఇరవై ఆరేళ్ళవాడు, తనది కాని దేశం రాజ్యాంగం కోసం వచ్చి అక్కడున్నాడు. అక్కడ నిలబడితే క్యాంటీన్‌లో విన్న వాదనలన్నీ కాసేపు గుర్తుకు రావు.

రాజపక్షంలో అందరూ రాజుతో సుఖంగా ఉన్నారనీ అనుకోకండి. 1827లో కాతలోన్యాలో అతిరాజభక్తులే రాజు మీద తిరగబడ్డారు, లిబరల్స్‌తో మెతగ్గా ఉంటున్నాడని! ఫెర్నాండో స్వయంగా వెళ్ళి అణిచాడు. 1833లో అతను పోయాక మూడేళ్ళ కూతురు ఇసబెల్‌ని రాణి చేస్తే, తమ్ముడు కార్లోస్ గద్దె నాదన్నాడు. ఈ అతిరాజభక్తులంతా అతని వెనక చేరారు, కార్లిస్టులంటే వీళ్ళే. కూతురి గద్దె నిలబెట్టుకోవడానికి రాజు భార్యకి దొరికిన దిక్కు లిబరల్సే. 1814లో ఫెర్నాండో జైలుకి పంపిన మార్తీనెస్ దె లా రోసాని 1834లో ఆ భార్యే ప్రభుత్వాధినేతని చేసింది. గొన్సాలెస్ మొరేనో మటుకు కార్లోస్ సైన్యంలో సేనాధిపతి అయ్యాడు, 1839లో సొంత సైనికుల చేతుల్లోనే చచ్చాడు.

నేను మాలగా వదిలే ముందు చివరి డిసెంబరు 11న ఆ నవార్రా అతన్ని కూడా చౌకుకి లాక్కెళ్ళాను. వచ్చాడు. దండలు వేస్తున్నంతసేపూ వెనక, పికాసో ఇంటి వైపు నిలబడ్డాడు. అయిపోయాక ఫోన్ తీసి స్తంభాన్ని ఫొటో తీసుకుని, "ఫ్యామిలీ గ్రూపులో పెట్టకు" అని నాకే చెప్పాడు, నేనేదో వాళ్ళ గ్రూపులో ఉన్నట్టు.