పాత మోటార్ హోమ్ (లోపలే ఉండి ప్రయాణించే ఇల్లులాంటి బండి) గోడలోకి నీళ్లు దిగితే పైన సీలెంట్ (సందులు మూసే జిగురు ముద్ద) పూస్తే సరిపోతుందా?

సరిపోదు; ముందు లీకు ఆపి, కుళ్లిన చెక్క తీసేసి, మిగిలింది పూర్తిగా ఆరాకే కొత్తది వేసి మూయాలి. 1990ల నాటి యూరప్ బండ్లలో చాలావాటికి బయట పల్చటి అల్యూమినియం రేకు, లోపల ప్లైవుడ్, మధ్యలో చెక్క ఫ్రేము, థర్మోకోల్ ఉంటాయి. అతుకుల దగ్గర సీలెంట్ ఎండి పగిలితే వాన నీరు ఫ్రేములోకి దిగుతుంది. రేకు వెనక గాలాడదు కాబట్టి అంత తేలిగ్గా ఆరదు.

ఉదాహరణకు, డ్రైవర్ క్యాబిన్ పైన పడక ఉన్న బండిలో ముందు మూల వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోతుంది. మరక అరచేతంతే ఉన్నా, ప్లైవుడ్ విప్పి చూస్తే కుళ్లు మూరెడు దూరం పాకి ఉండొచ్చు. గట్టి చెక్క తగిలేదాకా కోయాల్సిందే, మొహమాటం పనికిరాదు.

చాలామంది బయటనుంచి సిలికాన్ పూస్తే చాలనుకుంటారు. దాంతో తేమ లోపలే ఉండిపోతుంది. పైగా తర్వాత దాని మీద వేరే సీలెంట్ సరిగా అంటుకోదు. అతుకు పట్టీ విప్పి, పాతదంతా గీకేసి, కింద బ్యూటైల్ టేపు (రబ్బరులాంటి మెత్తటి జిగురు పట్టీ) పరిచి మళ్లీ బిగించాలి.