గుడగుడమనే పైపు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాంచెస్టర్‌లో ఉంటున్నానండీ. ఆదివారం సంతలో నాలుగు పౌండ్లకి ఫాల్కన్ కంపెనీ పొగాకు పైపు పాతది ఒకటి కొన్నా, కాడ అల్యూమినియం, గిన్నె చెక్కది, మర తిప్పితే ఊడొస్తుంది. వెలిగించిన పది నిమిషాలకే హుక్కాలా గుడగుడమంటోంది, ఆపైన నాలుక మీదకి చేదు నీళ్లు. చీప్ పైపు కాబట్టి ఇంతేనా, డబ్బులు పెట్టి పూర్తి చెక్కది కొనమంటారా?

జవాబు: పాపం ఆ పైపుని తిట్టకండి తమ్ముడూ, తొందర మీది. పొగాకు కాలేటప్పుడు నీటి ఆవిరి పుడుతుంది, పౌచ్‌లోంచి తీసిన పొగాకులో తడి ఎలాగూ ఉంటుంది. చెక్క పైపైతే అందులో కొంత చెక్కే పీల్చేసుకుంటుంది, లోహపు కాడ చుక్క కూడా పీల్చదు, పైగా చల్లగా ఉంటుంది కాబట్టి ఆవిరి తగలగానే నీళ్లైపోతుంది, అన్నం గిన్నె మీద మూత తీస్తే లోపలివైపు బొట్లుబొట్లుగా ఉంటాయే, అదే సంగతి. 1930ల్లో అమెరికాలో కెన్లీ బగ్ అనే ఆయన ఈ పైపు కనిపెట్టినప్పుడు ఆ నీళ్లు నోట్లోకి రాకుండా గిన్నె కిందున్న చిన్న పళ్లెంలోనే ఆగిపోయేలా చేశాడు. తర్వాత ఇది ఇంగ్లండ్‌లోనే తయారైంది, అందుకే అక్కడి సంతల్లో ఇంత చవగ్గా దొరుకుతుంది. (అదే కాలంలో సియాటిల్‌లో కిర్‌స్టెన్ అనే ఏరోనాటిక్స్ ప్రొఫెసర్ కూడా ఒక లోహపు పైపు చేశాడు, దాని గొట్టానికి పేరే రేడియేటర్! విమానాల మనిషి కదా మరి.)

నా దగ్గరా ఒక ఫాల్కన్ ఉండేది. మొదటిసారి గిన్నె విప్పి చూస్తే పళ్లెంలో ముదురు కాఫీ డికాషన్ లాంటిది అర చెంచాడు నిలిచుంది, వాసన చెప్పక్కర్లేదు. నేనూ మీలాగే సిగరెట్ లాగినట్టు లాగేవాణ్ణి, ఎంత గబగబా లాగితే అంత వేడి, అంత నీళ్లు, నాలుక మంట దానికి బోనస్. పొగాకుని ఓ అరగంట కాగితం మీద ఆరబెట్టండి, వేళ్లతో నొక్కి వదిలితే ముద్దలా అంటుకోకుండా విడిపోవాలి. గిన్నెలో వదులుగా నింపండి, ఆరిపోతుందేమో అన్నంత నిదానంగా పీల్చండి, ఆరితే మళ్లీ వెలిగించుకోవచ్చు, అదేం నామోషీ కాదు. గుడగుడ మొదలైతే కాడలోకి పైపు క్లీనర్ (దూది చుట్టిన సన్నటి తీగ) ఒకటి దూర్చి తీయండి. అయిపోయాక పూర్తిగా చల్లారనిచ్చి గిన్నె విప్పి టిష్యూతో తుడిచేయండి, వేడి మీద మాత్రం విప్పొద్దు. పడుకుని తాగే అలవాటుంటే మానుకోండి, పళ్లెంలో నీళ్లన్నీ కాడలోంచి నేరుగా నోట్లోకే.

ప్రశ్న: మాది విజయవాడ. ఆన్‌లైన్‌లో 250 రూపాయలకి మొత్తం మెటల్‌తో చేసిన బుల్లి పైపు తెప్పించా, నీలం రంగు, లోపల చిన్న జల్లెడ. ఇంకా వాడలేదు. పొగ చల్లగా వస్తుందంట కదా, సిగరెట్ కంటే నయమేనా?

జవాబు: కాదు. చల్లబడినంత మాత్రాన పొగలో విషం పోదు, ఆ నీళ్లలో కొంత తారు దిగినా మిగతాదంతా మీ నోట్లోకే, ఊపిరితిత్తుల్లోకి పీల్చకపోయినా నోటి క్యాన్సర్ ముప్పు ఉండనే ఉంటుంది. శ్రీకాకుళం వైపు అడ్డపొగ (చుట్ట మండే కొస నోట్లో పెట్టుకుని) తాగే ముసలమ్మల అంగిలి ఏమవుతుందో అక్కడి పళ్ల డాక్టర్ని అడగండి. ఇక ఆ పైపు సంగతి. ఫాల్కన్‌కి కూడా గిన్నె చెక్కదే పెట్టారంటే కారణం ఉంది, అల్యూమినియం చెక్క కంటే దాదాపు వెయ్యి రెట్లు వేడిని లాగుతుంది, గిన్నె కూడా లోహమే అయితే రెండు నిమిషాల్లో పట్టుకోలేరు, పెదవి కాలుతుంది. లోపలి దాకా రంగు పూసుంటే ఆ రంగు కూడా కాలుతుంది, దాన్నీ మీరే పీలుస్తారు. పైగా జల్లెడ ఉన్న బుల్లి పైపులు ఎక్కువగా గంజాయి వాళ్ల కోసం చేసేవి, జేబులో దొరికితే పోలీసులకి మీరు పొగాకు కథ చెప్పుకోవాలి. ఇంకా వాడలేదన్నారుగా, రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి పంపేయండి.