టెక్ సందేహాలు: హాల్లో చెమట, పడకగదిలో వణుకు

ప్రశ్న: న్యూ హ్యాంప్‌షైర్‌లో ఉంటున్నాం. ఒకే అంతస్తు ఇల్లు, హాల్లో కట్టెల స్టవ్. వెలిగిస్తే హాల్లో 85 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 29 డిగ్రీలు వస్తోంది. కారిడార్ చివరి పడకగది మాత్రం 16 దాటడం లేదు. కర్నూలు నుంచి వచ్చిన మా అత్తమామలు ఆ గదిలో స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని పడుకుంటున్నారు. స్టవ్ మీద పెట్టే, కరెంటు అక్కర్లేని ఫ్యాన్ కొన్నాను. తిరుగుతోంది కానీ ఆ గదికి వేడి చేరడం లేదు. ఇంకా పెద్దది కొనాలా?

జవాబు: వద్దండీ, డబ్బు దండగ. మీ ఫ్యాన్ బాగానే ఉంది, దాని పనే వేరు. దాని అడుగు స్టవ్ మీద కాలుతుంటుంది, పైభాగం గది గాలికి కాస్త చల్లబడుతుంటుంది. ఆ తేడాతోనే లోపల కొద్దిపాటి కరెంటు పుడుతుంది. 1821లో సీబెక్ అనే శాస్త్రవేత్త గమనించిన సూత్రమే ఇది. ఆ కాస్త కరెంటుతో స్టవ్ చుట్టూ గాలి కదులుతుంది గానీ, కారిడార్ దాటదు.

ముందు ఒక అగరుబత్తి వెలిగించండి. (ఒక్కటే, పొగ అలారం మోగితే నన్ను తిట్టుకోవద్దు.) హాలు నుంచి కారిడార్‌లోకి వెళ్లే గుమ్మం దగ్గర నిలబడి, దాన్ని గుమ్మం పైభాగానికి ఎత్తి పట్టుకోండి. పొగ కారిడార్ వైపు పోతుంది. అలాగే కిందికి దించి పాదాల దగ్గర పెట్టండి. ఈసారి పొగ వెనక్కి తిరిగి హాల్లోకి వస్తుంది. వేడిగాలి పైనుంచి వెళ్తోంది, చల్లగాలి బరువెక్కువ కాబట్టి నేలబారుగా స్టవ్ వైపు వస్తోంది. దారి ముందే ఉంది, నడక మందం, అంతే.

కాబట్టి మామూలు చిన్న టేబుల్ ఫ్యాన్ ఒకటి తీసుకుని, పడకగది వైపు కారిడార్‌లో నేల మీద పెట్టి, మొహం స్టవ్ వైపు తిప్పండి. స్పీడు తక్కువలో చాలు. వెచ్చదనం కావాల్సింది ఇటు, గాలి కొట్టేది అటు! తిక్కగా అనిపిస్తుంది, నిజమే. కానీ చల్లగాలిని హాల్లోకి నెడితే అంతే వేడిగాలి పైనుంచి ఇటు రాక తప్పదు. హాల్లోంచి పడకగది వైపు ఫ్యాన్ పెడితే ఆ నేలబారు గాలికే అడ్డుపడతారు, పైగా మంచం మీదున్న వాళ్లకు గాలి తగిలి చలి ఇంకా ఎక్కువనిపిస్తుంది.

ఎండాకాలంలో కిటికీలన్నీ మూసేసి ఎయిర్ కూలర్ వేస్తే ఏమవుతుందో మీ మామగారిని అడగండి. గాలి పోయే దారి లేకపోతే కొత్తగాలి రాదు. ఇక్కడా అంతే: పడకగది తలుపు తీసే ఉంచాలి.

ఎంత వేడి వస్తుంది? నిమిషానికి 100 ఘనపుటడుగుల గాలి మారితే, 13 డిగ్రీల తేడాకు సుమారు 700 వాట్ల వేడి చేరుతుంది. అక్కడ మీరు వాడే 1500 వాట్ల రూమ్ హీటర్‌లో దాదాపు సగం. గది వెచ్చబడేకొద్దీ తేడా తగ్గి, వచ్చే వేడీ తగ్గుతుంది. అందుకే ఆ గది హాలంత వెచ్చగా ఎప్పటికీ కాదు, ఒక స్వెట్టర్ తగ్గుతుంది.

ఇల్లంతటికీ వేడిగాలి పంపే యంత్రం, అంటే ఫర్నేస్ ఉంటే, దాని బ్లోయర్ (గాలి తోసే ఫ్యాన్) ఒక్కటే ఆన్ చేసి డక్టుల (గాలి గొట్టాల) ద్వారా స్టవ్ వేడి పంపుదామని చాలామందికి తోస్తుంది. డక్టులు చల్లటి అటకలో ఉంటే సగం దారిలోనే వేడి పోతుంది. అంతకన్నా ముఖ్యం, గాలిని లాక్కునే జాలీ స్టవ్‌కు దగ్గరగా ఉంటే చిమ్నీలోంచి పోవాల్సిన పొగ, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి రావచ్చు. కనీసం 10 అడుగుల దూరం ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే ఈ రోజే పెట్టించండి. గోడకు కన్నం కొట్టే ఆలోచన ఉంటే, నిప్పు ఆ కన్నంలోంచే పాకుతుందని గుర్తుంచుకుని స్థానిక బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్‌ను అడగండి.

ప్రశ్న: మాది మిషిగన్. గది వేడిని చూసి ఫర్నేస్‌ను ఆన్, ఆఫ్ చేసే మా థర్మోస్టాట్ స్టవ్ ఉన్న గదిలోనే ఉంది. స్టవ్ వెలిగిస్తే ఫర్నేస్ అసలు ఆన్ కావడం లేదు. ఏం చేయాలి?

జవాబు: థర్మోస్టాట్‌కు ఇల్లంతా వెచ్చగా ఉన్నట్టే కనిపిస్తోంది మరి. గట్టి చలిలో ఇలాగే వదిలేస్తే అవతలి గోడల్లో నీళ్ల పైపులు గడ్డకట్టే ప్రమాదం ఉంది. నెస్ట్, ఎకోబీ లాంటి స్మార్ట్ థర్మోస్టాట్లలో గది సెన్సర్లు పెట్టుకునే వీలున్న మోడళ్లు ఉన్నాయి. మీది అలాంటిదైతే పడకగదిలో ఒకటి పెట్టి, రాత్రిపూట దాని లెక్కే చూడమని యాప్‌లో సెట్ చేయండి.