చూపు తగ్గినవారికి డ్రైవింగ్ లైసెన్సు: పాఠకుల ప్రశ్నలకు నేత్రవైద్యుని సమాధానాలు

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. రెండు కళ్లకూ గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉంది, చుక్కల మందు వాడుతున్నారు. లైసెన్సు రెన్యువల్ పరీక్షలో చార్టును చివరి వరుస దాకా తప్పు లేకుండా చదివినా, ఫీల్డ్ చాలదంటూ దరఖాస్తును తిరస్కరించారు. ఇది న్యాయమేనా?

సమాధానం: న్యాయమేనని చెప్పక తప్పదు. చార్టు కొలిచేది ఎదురుగా ఉన్నదాన్ని ఎంత స్పష్టంగా చూడగలమన్నది మాత్రమే. తల తిప్పకుండా, ఎదురుగా చూస్తూనే, పక్కలనుంచి వచ్చేది ఎంత మేరకు కంటపడుతుందో చెప్పేది దృష్టి క్షేత్రం, అంటే వారు చాలదన్న ఫీల్డ్. ఆరోగ్యంగా ఉన్న రెండు కళ్లకూ కలిపి ఇది అడ్డంగా సుమారు 180 డిగ్రీలు ఉంటుంది. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం కారు నడిపేవారికి 6/12 చూపుతోపాటు (మామూలు కన్ను 12 మీటర్లనుంచి చదివే అక్షరాన్ని 6 మీటర్లనుంచి చదవగలగడం) అడ్డంగా కనీసం 120 డిగ్రీల క్షేత్రం ఉండాలి, మధ్యభాగంలో 20 డిగ్రీల లోపల ఎక్కడా లోపం ఉండకూడదు. బ్రిటన్‌లో కూడా 20 మీటర్ల దూరంలోని నంబరు ప్లేటు చదివినంత మాత్రాన సరిపోదు, క్షేత్రం కూడా చూస్తారు.

గ్లకోమాలో సాధారణంగా పక్క చూపు ముందు పోతుంది, నడిమి చూపు చాలాకాలం నిలుస్తుంది. పోయినచోట నల్లమచ్చ కనిపిస్తే రోగికి తెలిసేది. కానీ చుట్టూ కనిపిస్తున్న దృశ్యంతోనే మెదడు ఆ ఖాళీని పూరించేస్తుంది కనుక, రోడ్డు మొత్తం కనిపిస్తున్నట్టే ఉంటుంది. అంచునుంచి రోడ్డు మీదికి అడుగుపెట్టిన మనిషి మాత్రం ఎక్కడినుంచో ఊడిపడ్డట్టు బండి ముందు ప్రత్యక్షమవుతాడు. చార్టు బాగా చదివే గ్లకోమా రోగులే తమ చూపు మీద అతి నమ్మకంతో ఉండడం నేను తరచూ చూస్తుంటాను.

ఒక్క విషయం అడిగి చూడండి. వెలిగి ఆరే చిన్న దీపాలు కనిపించినప్పుడల్లా మీట నొక్కే ఈ పరీక్షలో, అలసట వల్లనో కంగారు వల్లనో ఫలితం తప్పుగా రావచ్చు. నివేదికలో పొరపాటు స్పందనలు ఎక్కువగా ఉన్నట్టు నమోదై ఉంటే, రెండు కళ్లూ తెరిచి చేసే పరీక్షను మరోసారి చేయమని కోరవచ్చు. రెండోసారి కూడా అదే ఫలితం వస్తే ఆయన చేత స్టీరింగు పట్టించకండి. మందులు ఉన్న చూపును కాపాడతాయే తప్ప పోయిన క్షేత్రాన్ని తిరిగి తేలేవు.

ప్రశ్న: వంశపారంపర్యంగా వచ్చిన మాక్యులా (కంటి తెర నడిమి భాగం) జబ్బు వల్ల అద్దాలు పెట్టుకున్నా నా చూపు 6/18 దాటదు. పగలు మాత్రమే నడపాలన్న షరతుతో కొన్ని దేశాల్లో లైసెన్సు ఇస్తారని, టెలిస్కోపు అద్దాలను కూడా అనుమతిస్తారని విన్నాను. నిజమేనా?

సమాధానం: నిజమే. అమెరికాలో చాలా రాష్ట్రాలు షరతులు లేని లైసెన్సుకు 20/40 చూపు అడుగుతాయి. ఇది 6/12తో సమానం. అంతకన్నా తక్కువున్నవారికి పగటి వేళకో, పరిమిత వేగానికో, హైవే ఎక్కకుండానో అనుమతినిచ్చే రాష్ట్రాలు అనేకం ఉన్నాయి. ఐరోపా లైసెన్సు కార్డు మీద ఇలాంటి షరతులను అంకెలతో ముద్రిస్తారు: 61 అంటే పగలు మాత్రమే, 64 అంటే వేగ పరిమితి, 67 అంటే మోటారు మార్గాలు నిషిద్ధం.

వేగం మీద షరతు ఎందుకో మీ చూపుతోనే లెక్క వేద్దాం. మామూలు కంటికి 120 మీటర్ల దూరంనుంచి చదవడానికి వీలయ్యే బోర్డు మీకు 40 మీటర్లకు వస్తేగాని అందదు. గంటకు 72 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 20 మీటర్లు పోతుంది కనుక, వారికి ఆరు సెకన్లు దొరికే చోట మీకు దొరికేది రెండే. వేగాన్ని సగానికి తగ్గిస్తే అది నాలుగు సెకన్లవుతుంది. చీకట్లో, ఎదుటి హెడ్‌లైట్ల వెలుగులో ఆ కాస్త చూపు కూడా మరింత తగ్గుతుంది కాబట్టే రాత్రివేళ మీద నిషేధం.

మీరు విన్న టెలిస్కోపును బయోప్టిక్ అంటారు. ఇది కళ్లద్దం పై అంచున అమర్చి ఉంటుంది. డ్రైవరు ఎక్కువసేపు మామూలు అద్దంలోంచే చూస్తూ, సిగ్నలునో బోర్డునో పోల్చుకోవడానికి మాత్రం గడ్డం కాస్త కిందికి వంచి క్షణకాలం అందులోంచి చూస్తాడు. పెద్దదిగా కనిపించే దృశ్యం చుట్టూ వలయంలా కొంత భాగం కనుమరుగవుతుంది కనుక, శిక్షణ లేకుండా దీనిని వాడకూడదు. అమెరికాలోని చాలా రాష్ట్రాల్లోను, నెదర్లాండ్స్‌లోను దీనికి అనుమతి ఉంది. మీరుండే చోట ఉందో లేదో, కొనే ముందే లైసెన్సు కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: ప్రమాదంలో ఒక కన్ను పోయింది, రెండోది 6/6. నేను వాహనం నడపవచ్చా?

సమాధానం: కారయితే చాలా దేశాల్లో నడపవచ్చు. ఒక కంటి క్షేత్రం 150 డిగ్రీల దాకా ఉంటుంది కనుక నిబంధన అడిగే 120 డిగ్రీలు అందుతాయి. అయితే దూరాన్ని అంచనా వేయడం కొత్తగా అలవడాలి కాబట్టి వెంటనే రోడ్డెక్కకండి. ఐరోపా నిబంధనలు కూడా అలవాటు పడేందుకు తగిన గడువు తప్పనిసరి చేశాయి. లారీ, బస్సు మాట వేరు. అక్కడ మెరుగైన కంటికి 0.8, రెండో కంటికి కనీసం 0.1 చూపు (6/6ను 1గా లెక్కిస్తే) ఉండాలని అవే నిబంధనలు కోరుతున్నాయి కనుక ఆ లైసెన్సుకు మీకు అర్హత ఉండదు.