డిక్కీ తెరిచే ముందు నాలుగడుగులు

అల్లుడూ,

నడుం పట్టేసి నాలుగు రోజులుగా మంచం మీదే ఉన్నావనీ, క్యాబు బయటికి తియ్యలేదనీ మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. "నువ్వు చెప్తే వింటాడేమో అన్నయ్యా" అంది. వింటావో లేదో గానీ, ఈ నొప్పి గురించి మాట్లాడే హక్కు నాకుంది. ముప్ఫై ఏళ్ళు లారీ తోలినవాణ్ణి.

ముందు మంచం దిగు. ఒకటి రెండు రోజులు పడుకుంటే తప్పులేదు. ఆ తర్వాత పడుకున్న ప్రతి రోజూ నడుం ఇంకా బిగుసుకుంటుంది. ఇది నేను ఒళ్ళు పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి.

కలకత్తా లోడుతో వెళ్తున్నాను. ఇచ్ఛాపురం దాటాక వాన మొదలైంది. పొద్దుటి నుంచీ సీట్లోంచి లేవలేదు. బండి పక్కకి ఆపి, ఒక్క దూకు దూకి, పట్టా తాడు పట్టుకుని గట్టిగా లాగాను. నడుంలో కలుక్కుమంది. క్లీనర్ కుర్రాడు మోసుకెళ్ళి క్యాబిన్లో పడుకోబెట్టాడు. ఇంటికొచ్చి మూడు వారాలు మంచం దిగలేదు. లేచేసరికి నొప్పి అలాగే ఉంది, కాళ్ళలో సత్తువ మాత్రం పోయింది. ఆ తర్వాత ఎన్నేళ్ళో ఆ తాడునే తిట్టుకున్నాను.

తప్పు తాడుది కాదని మా అమ్మాయి ఫిజియోథెరపీ చదివాక చెప్పింది. గంటల తరబడి వంగి కూర్చుంటే వెన్నుపూసల్ని వెనకాల పట్టి ఉంచే కట్టు సాగిపోయి వదులవుతుందట, కండరాలు పని మానేస్తాయట. ఆ స్థితిలో ఒక్కసారిగా బరువు మీద పడితే ఆపేవాడు ఉండడు. ఇప్పుడు నీ సంగతి ఆలోచించు. రెండు గంటలు ట్రాఫిక్‌లో నలిగి శంషాబాద్ చేరతావు. దిగీ దిగగానే డిక్కీ తెరిచి, నడుం వంచి, అమెరికా వెళ్ళేవాళ్ళ 23 కిలోల సూట్‌కేసు లాగుతావు. నా తాడూ నీ సూట్‌కేసూ ఒకటే. ఇక మీదట దిగగానే కారు చుట్టూ ఒకసారి నడిచిరా, చేతులు నడుం మీద పెట్టుకుని రెండుసార్లు వెనక్కి వాలు, ఆ తర్వాతే డిక్కీ తెరువు. సూట్‌కేసు ఒంటికి ఆనించుకుని, మోకాళ్ళు వంచి ఎత్తు. ప్యాసింజరు తొందరపెడితే పెట్టనీ.

ఇక వ్యాయామం. అన్నిటికంటే ముందు నడక. ఇవాళ పది నిమిషాలు నడువు. మెల్లగా పెంచుకుంటూ అరగంటకి తీసుకురా, వారానికి ఐదు రోజులు. ఆస్ట్రేలియాలో 701 మంది మీద చేసిన పరిశోధన ఒకటి 2024లో వచ్చిందని అమ్మాయి చూపించింది. అందరూ నడుం నొప్పి వచ్చి తగ్గినవాళ్ళే. ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు నడిచినవాళ్ళలో సగం మందికి 208 రోజుల దాకా నొప్పి తిరగబెట్టలేదు. అలా ఏ సాయమూ అందనివాళ్ళకి అది 112 రోజులే. రూపాయి ఖర్చు లేని మందు!

నడకతో పాటు ఇంట్లో మూడు పనులు. ఒకటి, వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి పిరుదులు పైకెత్తడం. యోగాలో సేతుబంధాసనం అంటారే, అదే. రెండు, ఆవులా చేతులూ మోకాళ్ళ మీద నిలబడి, కుడిచెయ్యి ముందుకీ ఎడమకాలు వెనక్కీ చాపడం, తర్వాత అటుది ఇటు. నడుం మీద నీళ్ళ గ్లాసు పెడితే ఒలకకూడదు అనుకుని చెయ్యి. నేను మొదట్లో నిజంగానే పెట్టుకున్నాను, మీ అత్త నవ్వి నవ్వి చచ్చింది. మూడు, పక్కకి తిరిగి మోచేతి మీదా మోకాళ్ళ మీదా ఒంటిని పైకి లేపి ఉంచడం. ఒక్కొక్కటి పది సెకన్లు నిలుపు, ఐదారుసార్లు చాలు. ఊపిరి బిగబట్టకు.

నిద్ర లేవగానే ముందుకు వంగి కాలివేళ్ళు ముట్టుకునే వీరత్వం వద్దు. రాత్రంతా వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, లేచిన గంటసేపు వంగే పనులు పెట్టుకోకూడదు. పొట్ట తగ్గిద్దామని వెల్లకిలా పడుకుని లేచి కూర్చునే కసరత్తులూ ఇప్పుడొద్దు.

చేసేటప్పుడు కండరం లాగితే భయపడకు, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. నొప్పి పిరుదు దాటి కాల్లోకి దిగుతుంటే మాత్రం ఆపు. కాల్లో ఉన్నది నడుం వైపు వెనక్కి వస్తుంటే మంచిదే. పాదం ఈడ్చుకుపోవడం, కూర్చునే చోట తిమ్మిరి, మూత్రం పట్టు తప్పడం, వీటిలో ఏది కనిపించినా వ్యాయామం మాట మర్చిపోయి ఆ పూటే ఆసుపత్రికి పరుగెత్తు. జ్వరంతో కలిసి వచ్చే నొప్పినీ అశ్రద్ధ చెయ్యొద్దు. అలాంటివేవీ లేకపోతే స్కానింగు కోసం తొందరపడకు. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్ళ వాళ్ళలోనే 37 శాతం మందికి స్కాన్‌లో డిస్కు అరిగినట్టు కనిపిస్తుందట. ఆ కాగితం చూసి మనసు పాడుచేసుకోవడం తప్ప లాభం లేదు.

నేను చేసిన రెండో తప్పు కూడా చెప్తాను. నొప్పి తగ్గింది కదా అని రెండు నెలలకే అన్నీ మానేశాను. ఆ వేసవిలోనే మళ్ళీ పట్టేసింది. అలా మూడుసార్లు అయింది. నాలుగోసారి నుంచి నొప్పి ఉన్నా లేకున్నా పళ్ళు తోముకున్నట్టు చేస్తున్నాను. బందరు కాలువ గట్టున పొద్దున్నే నడిచే ముసలాళ్ళలో ఇప్పుడు నేనే వేగం.

సీటు సంగతి సంక్రాంతికి వచ్చినప్పుడు కార్లో కూర్చోబెట్టి చూపిస్తాను. అప్పటిదాకా ఒక తువ్వాలు చుట్టి నడుం వంపులో పెట్టుకో. వెనక జేబులో పర్సు ఉంటుంది కదా నీకు, లావుగా, నాలుగు కార్డులూ పాత బిల్లులూ కుక్కి? ఒక పిరుదు ఎత్తు మీద రోజంతా కూర్చుంటున్నావన్నమాట. ఈ ఉత్తరం మడవకముందే అది తీసి డాష్‌బోర్డులో పడెయ్.

మీ మామయ్య