రాతి శాసనంలో లేని ప్రేమకథ రాస్తే కేసు పడుతుందా?

ప్రశ్న: అడ్వొకేట్ గారూ, నేను కృష్ణానగర్‌లో ఉంటాను, పదకొండేళ్లుగా కో-డైరెక్టర్‌గా చేస్తున్నాను. శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి దండయాత్రల మీద కథ రాశాను, నిర్మాత దొరికారు. రాజుకీ, ఆయనతో యుద్ధం చేసిన శకుల ఇంటి కన్య ఒకరికీ ప్రేమ పెట్టాను, అది పూర్తిగా నా కల్పన. సభలో ఉండే నర్తకి పాత్రని మాత్రం చిన్నప్పుడు చదివిన ఒక నవల నుంచి తీసుకున్నాను. నిర్మాత గారు పోస్టర్ మీద 'నూటికి నూరుపాళ్లు నిజ చరిత్ర' అని వేద్దామంటున్నారు. చరిత్రను వక్రీకరించారని ఎవరైనా కేసు వేస్తే సినిమా ఆగిపోతుందా? డిస్‌క్లెయిమర్ వేస్తే సరిపోతుందా? అదే రాజు మీద 2017లో ఒక పెద్ద సినిమా వచ్చింది, దానివల్ల ఏమైనా ఇబ్బందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు ప్రేమకథ గురించి భయపడుతున్నారు, నాకు మాత్రం మీ నర్తకి గురించీ ఆ పోస్టర్ గురించీ భయంగా ఉంది.

ముందు ప్రేమకథ సంగతి. చరిత్ర తప్పుగా చూపించారన్న ఒక్క కారణంతో సినిమాని ఆపే చట్టం మన దేశంలో లేదు. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం సెక్షన్ 5బి ఒకసారి చదవండి. దేశ సమగ్రత, భద్రత, విదేశాలతో స్నేహం, శాంతిభద్రతలు, సభ్యత, పరువు నష్టం, కోర్టు ధిక్కారం, నేరానికి ప్రేరేపించడం, వీటిని చూసి సర్టిఫికెట్ ఇవ్వాలా వద్దా అని నిర్ణయిస్తారు. చారిత్రక సత్యం అన్న మాట అందులో లేదు. చనిపోయినవాళ్ల పరువు సంగతికొస్తే, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 ప్రకారం అదీ నేరం కావచ్చు గానీ, ఆ మాట కుటుంబ సభ్యుల్నీ దగ్గరి బంధువుల్నీ నొప్పించాలన్న ఉద్దేశంతో అని ఉండాలి. సుమారు పంతొమ్మిది వందల ఏళ్ల కిందటి రాజుకి దగ్గరి బంధువునని ఇవాళ కోర్టులో ఎవరు నిరూపించగలరు? అయితే ఒక మతాన్ని కావాలని అవమానించారనో (సెక్షన్ 299), వర్గాల మధ్య ద్వేషం రేపారనో (సెక్షన్ 196) ఫిర్యాదు రావచ్చు, కాబట్టి శకుల్ని ఇవాళ్టి ఏ కులానికో మతానికో గుర్తుగా వాడే డైలాగులుంటే ఇప్పుడే తీసేయండి. కేసు భయం లేకపోయినా నేను ఇదే చెప్పేవాణ్ని, అలాంటి డైలాగు హాల్లో ఈల వేయిస్తుంది గానీ బయట ఎవరో ఒకరి పిల్లాడు దాన్ని మోయాల్సి వస్తుంది.

కోర్టులు ఎలా చూస్తాయో రెండు ఉదాహరణలు. 'పద్మావత్' సినిమాకి సెన్సార్ సర్టిఫికెట్ వచ్చాక కూడా కొన్ని రాష్ట్రాలు నిషేధిస్తే, 2018 జనవరి 18న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వుల మీద స్టే ఇచ్చింది, సర్టిఫికెట్ ఉన్న సినిమాకి శాంతిభద్రతలు కాపాడటం రాష్ట్రం పని అంది. మన హైకోర్టులోనే 'ఆర్ఆర్ఆర్' మీద, అల్లూరి, కొమురం భీం చరిత్రను వక్రీకరించారంటూ వేసిన పిటిషన్‌ని 2022 మార్చిలో కొట్టేశారు. ఇది మన దగ్గరే ఉన్న గొడవ కూడా కాదు. 2004లో ఆలివర్ స్టోన్ 'అలెగ్జాండర్' తీసినప్పుడు గ్రీస్‌లో కొందరు లాయర్లు కేసు వేస్తామన్నారు, ఇది కల్పన అని సినిమా మొదట్లో వేయాలన్నారు, తీరా సినిమా చూశాక కేసు ఆలోచన మానుకున్నారు. నిజానికి ఆ సినిమాలో జీలం ఒడ్డున పురుషోత్తముడితో జరిగిన యుద్ధంలోనే అలెగ్జాండర్‌కి ప్రాణం మీదికొచ్చిన బాణం తగిలినట్టు చూపిస్తారు, అసలు ఆ గాయం తర్వాత మాళవుల కోట దగ్గర తగిలింది. రెండు యుద్ధాల్ని ఒకటి చేశారు. అది దర్శకుడి స్వేచ్ఛ, ఏ దేశంలోనైనా దానికి జైలు ఉండకూడదనే నేను నమ్ముతాను.

ఇంకో మాట, ఇది లాయరుగా కాదు, చరిత్ర అంటే ప్రాణం పెట్టేవాడిగా చెప్తున్నాను. మీ శక కన్య మరీ గాలిలోంచి పుట్టిన మనిషి కాదు. గౌతమీపుత్రుడు శకుల్లోని క్షహరాత వంశాన్ని నిర్మూలించాడని తల్లి గౌతమీ బలశ్రీ నాసిక్ శాసనంలో చెక్కించింది, జోగల్‌తంబిలో దొరికిన పదమూడు వేలకు పైగా ఆ వంశపు రాజు నహపాణుడి వెండి నాణేల్లో ఎక్కువ భాగం మీద ఈయన తన ముద్ర మళ్లీ కొట్టించాడు. కానీ తర్వాత అదే శాతవాహన వంశపు వాసిష్ఠీపుత్ర శాతకర్ణి శక క్షత్రపుల (శక పాలకుల) ఇంటి అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు, ఆమె శక రాజు రుద్రదాముడి కూతురని కన్హేరి శాసనాన్ని బట్టి చరిత్రకారులు చెప్తారు. అంటే కత్తి దూసుకున్న రెండు ఇళ్ల మధ్య పెళ్లి నిజంగానే జరిగింది. మీ కల్పనకి ఆ వేరు ఉందని తెలుసుకుని రాస్తే ఆ సీన్లు ఇంకా బాగుంటాయి. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో శాతవాహన నాణేలుంటాయి, ఒకరోజు వెళ్లి చూడండి.

ఇప్పుడు పోస్టర్. కల్పన ఉందని మీకే తెలిసినప్పుడు నిజ చరిత్ర అని ఎందుకు రాయాలి? ట్రైలర్‌లో ఉన్న పాట సినిమాలో లేదని ఒక ప్రేక్షకురాలు వేసిన వినియోగదారుల కేసులో, ట్రైలర్ అనేది వాగ్దానం కాదని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి టికెట్ డబ్బులు వాపసు ఇవ్వాల్సిన ప్రమాదం తక్కువే. కానీ వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల దాకా జరిమానా ఉంది. పైగా రేపు కోర్టులో 'ఇది కల్పన' అని మీరు వాదిస్తుంటే అవతలి లాయరు మీ పోస్టర్‌నే తీసి జడ్జి ముందు పెడతాడు. డిస్‌క్లెయిమర్ ఒకటి చెప్పి పోస్టర్ ఇంకోటి చెప్తే డిస్‌క్లెయిమర్ బలం పోతుంది. అన్నిటికన్నా ముందు, ఒక పదో తరగతి పిల్ల మీ సినిమా చూసి అదే చరిత్ర అనుకుని పరీక్షలో రాస్తుంది, ఆ పిల్లకి మనం అబద్ధం చెప్పకూడదు. 'శాసనాల ఆధారంగా అల్లిన కల్పిత కథ' అని తెలుగులో, చదవగలిగేంతసేపు తెర మీద ఉంచండి.

2017 సినిమా గురించి బెంగ వద్దు. చారిత్రక విషయాల మీద, ఐడియా మీద ఎవరికీ కాపీరైట్ ఉండదని 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. శాతకర్ణి అందరివాడు. కానీ మీ నర్తకి శాసనంలో లేదు, నవలా రచయిత ఊహలో పుట్టింది. ఆ రచయిత చనిపోయి 60 ఏళ్లు దాటకపోతే కాపీరైట్ వారసుల చేతిలో ఉంటుంది. పేరు మార్చాను కదా అంటారేమో, పాత్ర స్వభావం, సంఘటనల వరుస అదే అయితే పేరు మార్చినా లాభం లేదు. కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు దాకా ఉంది, రిలీజు వారంలో స్టే తెచ్చేది కూడా ఎక్కువగా ఇలాంటి కేసులే. వారసుల్ని వెతికి, రాతపూర్వకంగా హక్కులు కొనండి. కుదరకపోతే ఆ పాత్ర తీసేయండి.

యుద్ధ సీన్లలో గుర్రాలు, ఏనుగులు ఉంటాయి కాబట్టి జంతు సంక్షేమ బోర్డు అనుమతి షూటింగ్‌కి ముందే తీసుకోవాలి. 2021లో ఒక చారిత్రక సినిమా షూటింగ్‌లో గుర్రం చనిపోయిందని అబ్దుల్లాపూర్‌మెట్‌లో కేసు నమోదైంది, అది మర్చిపోకండి. రిలీజుకి ముందు సిటీ సివిల్ కోర్టులో సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148ఎ కింద కేవియట్ వేయించండి, 90 రోజులు పని చేస్తుంది, మీ మాట వినకుండా స్టే ఇవ్వరు. సెన్సార్ వాళ్లు కట్స్ చెప్పి మీరు ఒప్పుకోకపోతే, అప్పిలేట్ ట్రిబ్యునల్ 2021లోనే రద్దయింది, ఇప్పుడు హైకోర్టుకే వెళ్లాలి.

చివరిగా, మీరు అడగలేదు కానీ నిర్మాతతో మీరు సంతకం చేయబోయే అగ్రిమెంట్‌లో ఇండెమ్నిటీ అనే క్లాజు ఉందేమో చూడండి. కథ పూర్తిగా నాదే, ఎవరైనా కేసు వేస్తే నష్టం నేనే భరిస్తాను అని రాసి ఉంటుంది. పోస్టర్ నిర్మాత వేయించినా, ఆ క్లాజు రాసిన తీరుని బట్టి డబ్బు మీరు కట్టాల్సి రావచ్చు. నవల సంగతి నిర్మాతకి ముందే రాతలో చెప్పండి, ప్రచారం వల్ల వచ్చే కేసులకి బాధ్యత నిర్మాతదే అని ఒక లైను పెట్టించండి, అది పెట్టేదాకా అడ్వాన్స్ చెక్కు ఎంత పెద్దదైనా సంతకం చేయకండి.